రంగు పడని ఫైళ్లు

బీదర్‌లో ఒక పాటల పుస్తకం రావలసి ఉండింది. రాలేదు. ఇక రాదు కూడా. ఎన్ని థీసిస్‌లు, ఎన్ని కాలేజీ నోట్సులు నా చేతుల మీదుగా బైండింగ్‌కు పోయాయో నాకే గుర్తు లేదు. వాటిలో ఒక్కదాని అట్ట రంగు కూడా చెప్పలేను. రాని ఆ పుస్తకం మాత్రం మొదటి పుట నుంచి కళ్ల ముందే ఉంటుంది.

అక్షరాలు పేర్చే ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇంటికి వచ్చి, అనుభవాలేమైనా చెప్పమన్నారు. ప్రమోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మా దుకాణంలో ఉన్నవి రెండే పదవులు, సేటు ఒకటి, మిగతావాళ్లం ఒకటి. నేను మిగతావాళ్లలో చేరి, మిగతావాళ్లలోనే బయటికి వచ్చాను. ఇప్పుడు దుకాణమూ లేదు, నా కళ్లలో పస కూడా లేదు. మిగిలింది చెప్పడమే కాబట్టి చెబుతున్నాను. ఇందులో సంతోషపెట్టే సంగతులు తక్కువ. అవి కావాలంటే కంప్యూటర్ అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

తోడు ఫైళ్లు

మాది చిట్గుప్ప. నాన్నది కిరాణా కొట్టు. లెక్కల్లో నాకు చురుకు లేదని ఆయనే నన్ను బీదర్‌లో కాగితాల సేటు దగ్గర పనికి పెట్టాడు. సేటూ మావాళ్లే, తెలుగు వర్తకులు. కాగితం హోల్‌సేల్ చేస్తూ చేస్తూ పక్క గదిలో రెండు కంప్యూటర్లు పెట్టాడు. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు లెక్కల గుర్తులున్న థీసిస్‌లు పట్టుకొచ్చేవారు. వాటి కోసమే లేటెక్ అనే పుటలు పేర్చే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. నేర్పింది ఒక లెక్కల లెక్చరర్. ఓపికగా నేర్పాడు. నేను నేర్చుకున్నాక తన థీసిస్ పని మొత్తం నా నెత్తిన వేసి ఫీజు లేకుండా చేయించుకున్నాడు. అదీ న్యాయమే.

లేటెక్‌లో మీరు రాసేది ఒక ఫైలు. అందులో మాటలుంటాయి, మాటల మధ్య ఆదేశాలుంటాయి. ఇది అధ్యాయం పేరు, ఇది బొమ్మ, ఇక్కడ ఫలానా పుట సంఖ్య వేయి అని. బటన్ నొక్కితే యంత్రం దాన్ని చదివి పుటలు పేరుస్తుంది. చిక్కేమిటంటే, మొదటి పుటలో విషయసూచిక వేసే సమయానికి యాభయ్యో పుటలో ఏముందో దానికి తెలియదు. అందుకని మొదటిసారి పేరుస్తూ, ఏది ఏ పుటలో పడిందో పక్కన వేరే ఫైళ్లలో రాసి పెట్టుకుంటుంది. రెండోసారి నొక్కితే వాటిని చూసి సూచిక నింపుతుంది. పెళ్లిలో ఒకడు ముందు పందిరంతా తిరిగి మనుషులను లెక్కపెట్టి వస్తే, ఆ తర్వాత వంటవాడు ఎసరు పెట్టినట్టు. ఆ పక్క ఫైళ్లనే మేం తోడు ఫైళ్లు అనేవాళ్లం.

అందుకే మా దుకాణంలో మొదటి పాఠం, రెండుసార్లు నొక్కు. ఒకసారి నొక్కి వదిలేసిన లెక్చరర్ ఒకాయన, పుట సంఖ్యలు ఉండవలసిన చోటల్లా ప్రశ్నార్థకాలతోనే థీసిస్ బైండ్ చేయించి యూనివర్సిటీకి ఇచ్చేశాడు. "పరీక్షకులు నన్ను ప్రశ్నలడుగుతరనుకున్న గని, నా థీసిసే వాళ్లను ప్రశ్నలడిగింది శంకరయ్యా" అని వచ్చి కూర్చున్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ బైండింగులన్నీ మళ్లీ చేయించేసరికి నవ్వు పోయింది.

సేటు రంగులు

రాసే ఫైలును తెరిచి చూపే దాన్ని ఎడిటర్ అంటారు. అది ఆదేశాలకు నీలం, బ్రాకెట్లకు ఎరుపు, లెక్కల గుర్తులకు ఆకుపచ్చ, ఇలా రంగులు వేస్తుంది. మామూలు మాటలు నల్లగా ఉంటాయి. పనికొచ్చే ఏర్పాటే. గుర్తు ఒకటి మూయడం మరిచిపోతే అక్కడి నుంచి కిందిదాకా పుటంతా ఆకుపచ్చగా మారిపోతుంది. కళ్లున్నవాడు తప్పు ఎక్కడుందో పట్టుకుంటాడు.

కళ్లుండీ పట్టుకోలేని సందర్భాలూ ఉన్నాయి. లేటెక్‌లో శాతం గుర్తు వేస్తే, ఆ పంక్తిలో దాని తర్వాత ఉన్నదంతా యంత్రం వదిలేస్తుంది. ఎడిటర్ ఆ ముక్కను బూడిదరంగులో చూపిస్తుంది. కంది పంట మీద పరిశోధన చేసిన ఒకాయన, దిగుబడిలో పెరుగుదల ఇంత శాతం, కానీ వానలు బాగా పడిన ఏడాది మాత్రమే అని రాశాడు. శాతాన్ని గుర్తుతో రాశాడు. అచ్చులో దిగుబడి పెరిగింది, 'కానీ'తో సహా తర్వాతి మాటలు మాయమయ్యాయి. తెర మీద బూడిదరంగు చెబుతూనే ఉంది. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు, అచ్చు చదివిన పరీక్షకులూ పట్టుకోలేదు. కంది వేసే మా ఔరాద్ రైతు దాన్ని చదవలేదు కాబట్టి నష్టం జరగలేదు.

మా సేటుకు మాత్రం ఈ రంగులంటే ప్రాణం. ఆయనకు లేటెక్ ఒక్క ముక్క రాదు. గిరాకీ రాగానే నా కుర్చీ వెనక నిలబడి తెర మీదికి వేలు చూపించేవాడు. "చూసిన్రా, ఎన్ని రంగులు. పక్క దుకాణంల గిట్ల వస్తయా? రంగులొస్తె అసల్, రాకుంటె నకల్." పాత పైజామా చొక్కాలో ఉండే ఆ మనిషి ఈ మాట అనేటప్పుడు ఎంత ధీమాగా ఉండేవాడో. గిరాకీలు తలూపేవాళ్లు. సేటు చెడ్డవాడు కాదు. తనకు తెలియని దాన్ని తెలిసినట్టు అమ్మడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటి యజమాని దగ్గర పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆయన సరదాగా అనే మాటను కూడా నమ్మి ఇంటికి తీసుకుపోయేవాళ్లు ఉంటారు.

రంగు అనేది ఎడిటర్ ఊహ. పుటలు పేర్చే యంత్రానికి రంగులు కనిపించవు. ఇంకొక్క సంగతి, ఇది మరీ ముఖ్యం. రంగు పడేది ఆదేశాలకే. మనిషి చెప్పదలుచుకున్న మాటకు ఏ రంగూ పడదు, అది నల్లగానే ఉంటుంది.

నిన్నటి తప్పు

మా చిట్గుప్ప అమ్మాయే ఒకామె, ఎం.టెక్ థీసిస్ తెచ్చింది. అధ్యాయం పేరులో వేయకూడని గుర్తు ఒకటి వేసింది. యంత్రం ఆగిపోయింది. ఆమె గుర్తు తీసేసింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే తప్పు, అదే చోట ఆగింది.

"నేను దిద్దిన అన్నా. నీ కండ్ల ముందటనే దిద్దిన. లేని తప్పు ఎట్ల చూపిస్తుంది ఇది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తప్పు ఆమె ఫైల్లో లేదు. మొదటిసారి నొక్కినప్పుడు యంత్రం ఆ గుర్తును తోడు ఫైల్లోకి ఎత్తి రాసుకుంది. ఈసారి ఆమె రాసింది చదవకముందే తను రాసుకున్నది చదివి అక్కడే కూలబడింది. తోడు ఫైళ్లు తీసేసి నొక్కాను. గంగలా పారింది.

అప్పటి నుంచి రెండో పాఠం పెట్టుకున్నాం. మొండి తప్పు కనిపిస్తే తోడు ఫైళ్లు తీసేయి, అవి మళ్లీ పుడతాయి. ఈ పాఠం ఇప్పటికీ సరైనదే. ప్రపంచమంతా ఇదే చేస్తుంది. కాకపోతే ఏవి తోడో, ఏది అసలో తెలిసినవాడు చేయవలసిన పని ఇది.

నకలు ఉంచరాదు

ఒకసారి ఒక పరిశోధకుడు దుకాణం మీదికి వచ్చాడు. తన థీసిస్‌లోని అధ్యాయం ఇంకొకరి థీసిస్‌లో కనిపించిందట. ఆ రెండోవాడూ మా గిరాకీయే. మీరే ఇచ్చారని కేకలు వేశాడు. సేటు చేతులు జోడించి, టీ తాగించి పంపాడు. చేయని తప్పుకు మాట పడ్డ మనిషికి రావలసిన కోపం ఆ రోజు సేటు ముఖంలో నాకు కనిపించలేదు. అంతకు మించి నాకు తెలియదు. తెలియనిది రాయను.

మర్నాడు నియమం వచ్చింది. ఏ గిరాకీ ఫైలూ దుకాణంలో ఉండకూడదు. ఎవరి పని వాళ్ల పెన్‌డ్రైవ్‌లోనే చేయాలి, పోయేటప్పుడు ఇక్కడ ఏమీ మిగలకూడదు. దొంగతనం మాట రాకుండా ఉండటానికి పెట్టిన నియమం అది. దుకాణం మూతపడేదాకా నడిచింది.

నర్సయ్య సార్

నర్సయ్య సార్ కన్నడ మీడియం బడిలో సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. సొంతూరు సంతపూర్, ఇల్లు బీదర్‌లో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ. మా వైపు అందరి లాగే మూడూ కలిపి మాట్లాడేవాడు. నాకంటే పెద్దవాడు. నన్ను పేరుపెట్టి పిలిచేవాడు.

వాళ్ల అమ్మ లచ్చమ్మ, చిన్నమ్మ నాగమ్మ తోటికోడళ్లు. ఇద్దరూ సంతపూర్‌లో ఒకే ఇసుర్రాయి దగ్గర కూర్చుని జొన్నలు విసిరిన వాళ్లు. విసిరేటప్పుడు పాడే పాటలు వాళ్ల దగ్గర గంపలకొద్దీ ఉండేవి. ఆ పాటల పద్ధతి వేరు. ఒకరు ఎత్తుకోవాలి, ఇంకొకరు అందుకోవాలి. లచ్చమ్మ ఒక పంక్తి ఎత్తుకుంటే నాగమ్మ దానికి జవాబుగా ఇంకో పంక్తి అందుకుంటుంది. పాట పూర్తయ్యేదాకా ఆమె పంక్తులు ఆమెవి, ఈమె పంక్తులు ఈమెవి.

సార్ వీటిని పుస్తకం చేయాలనుకున్నాడు. పిండిమరలు వచ్చి ఎంతో కాలమైంది, రాయి మూలన పడింది. ఉత్తగా కూర్చోబెట్టి పాడమంటే ఇద్దరికీ ఒక్క ముక్క రాలేదట. చివరికి సార్ ఆ రాయిని అరుగు మీదికి మోయించి, గింజలు వేయకుండానే తిప్పమన్నాడు. రాయి తిరగగానే పాట వచ్చింది. వాళ్లు వట్టి రాయి తిప్పుతూ పాడుతుంటే, ఈయన ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నేరుగా పెన్‌డ్రైవ్‌లోకే టైప్ చేసుకున్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. రికార్డు చేయబోతే లచ్చమ్మ ఒప్పుకోలేదు. ఆ డబ్బాలో నా గొంతు పెట్టకు అందట.

ఏ పాటకు ఏ పాట దగ్గరో పుట సంఖ్యతో సహా చూపించాలని సార్ కోరిక. లేటెక్ అయితేనే కుదురుతుందని నేనే చెప్పి నేర్పాను. పాటలను రకాలుగా విడదీశాం. విసురు పాటలకొక ఫైలు, కలుపు పాటలకొకటి, పెండ్లి పాటలకొకటి, ఇలా. వాటన్నిటినీ పిలిచే తల్లి ఫైలు ఒకటి. సార్ పాట ఒక్కటే టైప్ చేసుకునేలా ఆదేశాలన్నీ ఆ తల్లి ఫైల్లోనే పెట్టాను. పని నెమ్మదిగా నడిచింది. అంతలో లచ్చమ్మ పోయింది. సార్ కర్మలు ముగించుకుని వచ్చి, "అమ్మ చెప్పినయన్ని ఇండ్ల ఉన్నయి శంకరయ్యా. సంవత్సరీకంకు పుస్తకం చేతుల పెట్టుకుని ఊరికి పోవాలె" అని పెన్‌డ్రైవ్ నా బల్ల మీద పెట్టాడు. ఆ పెన్‌డ్రైవ్‌ను ఆయన ముట్టుకునే తీరు కూడా మారిపోయింది.

ఆ రోజు అక్షరం సైజు చూడటానికి ఒక్క పాట మొదటి రెండు పంక్తులు అచ్చు తీశాం. మిగతాది అంతా దిద్దాక ఒకేసారి తీద్దామన్నాడు సార్. ఆ ఒక్క పాట ఇలా మొదలవుతుంది.

*జొన్నలూ విసరంగ చేతులూ నొచ్చె*
*నొచ్చినా చేతులకు నూనెవ్వరిత్తురు*

మొదటిది లచ్చమ్మది, రెండోది నాగమ్మది.

రెండోసారి నొక్కకముందు

తర్వాత సార్ కొన్నాళ్లు రాలేదు. కంటికి శుక్లం కమ్మింది, ఆపరేషన్‌కు ఎండలు తగ్గనీ అన్నాడు డాక్టర్. అక్షరాలు మసకగా కనిపిస్తున్నా ఆయన ఇంట్లో కూర్చుని అదే పెన్‌డ్రైవ్‌లో దిద్దుతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ముఖంలో కంగారేమీ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని తెర నా వైపు తిప్పాడు.

"పుస్తకం జర సన్నగైంది శంకరయ్యా. ఒకసారే నొక్కిన. రెండుసార్లు నొక్కాలంటవ్ గదా, రెండోసారి నీ ముంగట నొక్కుదమని వచ్చిన."

తెర మీద మొదటి పుట ఉంది. తర్వాత విషయసూచిక ఉంది. పాటల మొదటి పంక్తులు వరసగా, ఎదురుగా పుట సంఖ్యలతో. ఆ తర్వాత ఏమీ లేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది.

సార్ వేలు బటన్ మీదికి పోతోంది. నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. జీవితంలో పెద్దవాళ్లనెవరినీ అలా పట్టుకోలేదు.

"నొక్కకండి సార్. ఇంకోసారి నొక్కితే ఇది గూడ పోతది."

విషయం నాకు అప్పటికే అర్థమైంది. ఆ సూచిక పాత తోడు ఫైల్లోంచి వచ్చింది. పాటలున్న ఫైళ్లు దొరకకపోయినా యంత్రం ఆగలేదు, దొరకలేదని ఎక్కడో ఒక మూల చిన్నగా రాసి ముందుకు పోయింది. పోతూ పోతూ, ఇప్పుడు పాటలేవీ లేవు కాబట్టి సూచికను ఖాళీగా తిరగరాసి పెట్టింది. రెండోసారి నొక్కితే ఆ ఖాళీనే అచ్చు వేస్తుంది. పాత పూర్తి పుస్తకాన్ని చెరిపేసి, అదే పేరుతో ఈ సన్న పుస్తకం అప్పటికే కూర్చుంది. ముందుగా ఆ సూచికను అచ్చు తీసి పక్కన పెట్టాను. తర్వాత అడిగాను.

"పాటల ఫైళ్లు ఏమైనయి సార్?"

"ఉన్నయి గదా. నకళ్లు మాత్రమే తీసేసిన."

ఏం జరిగిందో ఆయనే చెప్పుకొచ్చాడు. మొండి తప్పు ఒకటి వచ్చింది. తోడు ఫైళ్లు తీసేయాలని ఆయనకు గుర్తుంది. ఫైలు పేరు చివర అది ఏ రకమో చెప్పే ముక్క ఒకటి ఉంటుంది. ఆయన ల్యాప్‌టాప్ దాన్ని చూపించదు. దాంతో ప్రతి పేరూ రెండేసి ఉన్నట్టు కనిపించింది. విసురు, విసురు. కలుపు, కలుపు. ఒకటి అసలు, ఒకటి తోడు. ఏది ఏదో తెలియక రెండూ తెరిచి చూశాడు. ఒకదాంట్లో నీలం, ఎరుపు, నిండా రంగులే. మధ్యమధ్యన పాటల మొదటి పంక్తులూ ఉన్నాయి. రెండోదాంట్లో అంతా మసక నలుపు.

"మీ సేటు చెప్పిండు గదా, రంగులొస్తె అసల్ అని. నల్లగున్నయి నకళ్లనుకున్న."

రంగులున్నవి తోడు ఫైళ్లు. వాటిలో ఉన్నవన్నీ ఆదేశాలే. నల్లగా ఉన్నవి పాటలు. పాట తప్ప ఏమీ లేదు కాబట్టి నల్లగా ఉన్నాయి.

చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆయన నా వైపు తిరిగి, "నీ దగ్గర ఒక నకల్ ఉంటది గదా?" అన్నాడు.

"లేదు సార్. ఉంచనియ్యరు."

పక్క గదిలో సేటు కాగితం రీములు దింపిస్తున్నాడు. ఆయన దాకా ఈ మాటలు చేరాయో లేదో తెలియదు. బయటికైతే రాలేదు.

పెన్‌డ్రైవ్ నుంచి తీసేసినవి చెత్తబుట్టలోకి కూడా పోవు, నేరుగా పోతాయి. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చేవాడు ఒకడు బజార్లో ఉంటే తీసుకెళ్లాం. అప్పటికే ఇంట్లో ఎవరో బంధువుల పెండ్లి వీడియో అందులోకి ఎక్కించారట, పోయిన ఫైళ్ల చోట అది కూర్చుంది. అతను రెండు రోజులు ప్రయత్నించి చూపిస్తే, పుట నిండా డబ్బాలు, ప్రశ్నార్థకాలు, మధ్యలో ఎక్కడో ఒకచోట 'అక్కా' అనే మాట. సార్ ఆ మాటను చాలాసేపు చూశాడు. ఎవరు ఎవర్ని పిలిచారో, ఏ పాటలోదో చెప్పలేకపోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పేరు చివరి ముక్క కనిపించేలా పెట్టుకోండి. తీసేసే ముందు తెరిచి కిందిదాకా చదవండి. గిరాకీకి ఒక నియమం నేర్పితే అది ఎక్కడ పనిచేయదో కూడా నేర్పండి. నకలు ఉంచొద్దనే యజమాని దగ్గర పనిచేస్తే, నకలు ఇంట్లో ఉంచుకొమ్మని గిరాకీని బతిమాలండి. ఇవన్నీ చేసినా ఏదో ఒకటి పోతుంది. పోయాక మీ దగ్గరికే వస్తారు. అప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

సంతపూర్

నాగమ్మ ఉంది కదా అన్నది సార్ ఆశ. సగం పాడింది ఆమే. మొదటి పంక్తులు అచ్చు తీసిన సూచిక కాగితం మీద ఉన్నాయి. అవి వినిపిస్తే మిగతావి ఆమెకు గుర్తుకు వస్తాయి, మళ్లీ రాసుకుందామన్నాడు. నన్నూ రమ్మన్నాడు. ఆయన కంటికి అక్షరం ఆనడం లేదు, చదవడానికి ఒకరు కావాలి. ఔరాద్ బస్సెక్కి సంతపూర్‌లో దిగాం. దారి పొడుగునా కంది చేలు వానకు ఎదురుచూస్తున్నాయి.

నాగమ్మ చిన్న మనిషి. చెవి బాగానే వినిపిస్తుంది, చూపే తగ్గింది. రాయి ఇంకా అరుగు మీదే ఉంది. ఆమె ఒక పక్క కూర్చుని రాయి తిప్పే కొయ్య పట్టుకుంది. ఎదుటి పక్క, ఆమె అక్కా అని పిలిచే లచ్చమ్మ చోటు. "రాయి తిరగకుంటె నాకు రాదు నర్సయ్యా" అంది. సార్ పంచె సర్దుకుని ఆ చోట కూర్చుని కొయ్యకు చెయ్యి వేశాడు. రాయి తిరిగింది. నేను కాగితం తీసి మొదటిది చదివాను.

"మాంజ్రా ఒడ్డున మల్లెలు ఏరంగ."

ఆమె గొంతు వెంటనే లేచింది. అంత ముసలి గొంతు కూడా కాదు.

"మల్లెలెందుకె అక్క, మన్ను మోసెటోల్లకు."

సార్ కళ్లు మెరిశాయి. నేను గబగబా రాసుకున్నాను. తర్వాతి పంక్తి కోసం ఆగాను. ఆమె కూడా ఆగింది. రాయి తిరుగుతూనే ఉంది.

"తర్వాత చెప్పు చిన్నమ్మా" అన్నాడు సార్.

"నేనెట్ల చెప్తరా? అది మీ అమ్మది. ఆమె అన్నంకనే నాకు వస్తది."

"పోనీ ఆ తర్వాత నీదేమన్న యాదికున్నదా?"

ఆమె కళ్లు మూసుకుని ప్రయత్నించింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఎన్నేళ్లు పాడినా ఆమె ఎప్పుడూ ఒక మాటకు జవాబుగానే పాడింది. ఆ మాట లేకుండా జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోది చదివాను. "అత్తగారింటికి తొవ్వ ఏదంటె." ఆమె అందుకుంది. "ముండ్లున్న దిక్కంత మనదె తొవ్వక్క." అక్కడే ఆగింది. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. ప్రతి పాటా రెండు పంక్తులు నడిచి నిలిచిపోతోంది. సార్ ఒకచోట తనకు గుర్తున్నట్టు ఏదో పంక్తి కలిపి అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "అట్ల గాదు. మీ అమ్మ అట్లనదు" అంది. ఆయన మళ్లీ ప్రయత్నించలేదు. తల వంచుకుని రాయి తిప్పుతూ ఉండిపోయాడు. కన్నీళ్లు రాయి మీద పడుతుంటే తుడుచుకోలేదు. చూడలేక నేను కాగితంలోకే చూస్తూ చదివాను.

ఆమెకు మాత్రం ఆ పూట పండుగలా ఉంది. నేను ఒకటి చదవగానే ముఖం వెలిగిపోయేది, ముందుకు వంగి అందుకునేది. నా గొంతులో తను ఎవరిని వింటోందో నాకు తెలుసు. అందుకే ఒక్కోటి చదవడానికి నాకు భయమేసింది. అయినా చదివాను. కాగితం అయిపోయింది.

"అక్క మొదటి మాటలన్ని దీంట్లనె దాచిపెట్టినవ్" అంది నాగమ్మ, కాగితం చప్పుడైన వైపు తిరిగి. "ఇగ రెండో మాటలు చదువు. ఆమె అంటె నేను అందుకుంట."

సార్ చెయ్యి కొయ్య మీద ఆగిపోయింది. ఆయన చెబుతాడని చూశాను. చెప్పలేదు.

"ఇంక లేవమ్మా" అన్నాను. "ఇంతవరకే ఉన్నయి."

ఆమె కొయ్య వదల్లేదు. ఒంటిచేత్తోనే రాయిని మెల్లగా తిప్పుకుంటూ, నాకు దొరకడం లేదనుకుందో ఏమో, అందుకోవడానికి సిద్ధంగా నా వైపు చెవి పెట్టింది.

"తొందరేం లేదు బిడ్డా. నిమ్మలంగ చూసి చదువు."